అమ్మ ఇంటిపేరు చెప్పండి

విజయవాడ సత్యనారాయణపురంలోని ఆ ఇంటి తలుపును కొరియర్ కుర్రాడు తట్టింది 2024 మే నెలలో, ఓ మిట్టమధ్యాహ్నం. ఆధార్ కార్డు చూశాడు, సంతకం పెట్టించుకున్నాడు, మందపాటి కవరు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. లోపల ఒక ప్రైవేటు బ్యాంకు పంపిన క్రెడిట్ కార్డు. దాని మీద ఆమె పేరు. 67 ఏళ్ల ఆ రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ ఆ పేరును రెండుసార్లు వేలితో తడిమి చూసుకున్నారు.

అంతకుముందు ఆమె దగ్గర కార్డు లేదని కాదు. కానీ అది భర్త కార్డుకు తోకగా వచ్చిన యాడ్ ఆన్ కార్డు. ముందు ఏడాది ఆయన పోయారు. అసలు కార్డు రద్దయింది, దాంతోపాటే తోక కూడా తెగిపోయింది. కరెంటు బిల్లు, గ్యాసు, ఇంటిపన్ను, బీమా అన్నీ నలభయ్యేళ్లపాటు ఆయనే చూసుకున్నారు. బడిలో పదిమంది టీచర్లను, నాలుగు వందల మంది పిల్లలను నడిపిన మనిషికి ఇంట్లో బ్యాంకు పాస్‌బుక్ ఏ అరలో ఉంటుందో తెలియదు. మోకాలి ఆపరేషన్‌కు ఆస్పత్రివాళ్లు అడ్వాన్సు అడుగుతారు, ఆ సమయంలో అమెరికాలో ఉన్న కొడుకును అర్ధరాత్రి లేపాల్సిన పని లేకుండా ఉండాలని ఆమె ఈ కార్డు తీసుకున్నారు. బ్యాంకులో ఉన్న రెండు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను హామీగా పెట్టుకుని ఇచ్చిన కార్డు అది. బాకీ కట్టకపోతే ఆ డిపాజిట్‌లోంచే తీసుకుంటారు. అంటే చేతిలో ఉన్నది కేవలం ప్లాస్టిక్ ముక్క కాదు. భర్త మిగిల్చి వెళ్లిన సొమ్ముకు తాళంచెవి.

కార్డుతో వచ్చిన ఉత్తరంలో ఒక నంబరు ఉంది. ఆ నంబరుకు ఫోన్ చేసి కార్డును యాక్టివేట్ చేసుకోవాలి. ‘రెండు నిమిషాల పని’ అని కూడా రాశారు.

ఆ రెండు నిమిషాలు పదకొండు రోజులయ్యాయి.

ముందుగా యంత్రం పలికింది. తెలుగు కావాలంటే ఫలానా అంకె నొక్కమంది. కార్డు నంబరులోని 16 అంకెలు అడిగింది. తర్వాత పుట్టిన తేదీ అడిగింది. ఆమె తన పుట్టిన తేదీ నొక్కారు. ‘మీరు ఇచ్చిన వివరాలు సరిపోలలేదు’ అంది యంత్రం. మళ్లీ నొక్కారు. మళ్లీ అదే మాట. అప్పుడు వెలిగింది ఆమెకు. తాను చెబుతున్నది అమ్మ చెప్పిన తేదీ. ఉగాది వెళ్లిన మూడో రోజు, ఏప్రిల్ నెల. పిల్లలు పుట్టినరోజు చేసేది ఆ రోజునే. కానీ బ్యాంకుకు తెలిసినది బడి రిజిస్టరులోని తేదీ, 1956 జులై 1. బడిలో చేర్చుకోవడానికి వయసు చాలదని ఆనాటి మాస్టారు కొన్ని నెలలు వెనక్కి జరిపి రాసిన తేదీ అది. ఆ తేదీతోనే ఆమె ఉద్యోగంలో చేరారు, ఆ తేదీతోనే 2016లో రిటైరయ్యారు.

ఇందులో ఆమె ఎవరినీ తప్పుపట్టలేరు. “నేను కూడా అలాంటివి ఎన్ని రాశానో!” అంటారామె. తండ్రి కూలికి వెళ్లిన రోజున తల్లి పిల్లను చేయిపట్టుకుని బడికి తెచ్చేది. ఎప్పుడు పుట్టిందంటే తుపాను వచ్చిన ఏడాదో, మినుములు పీకే రోజులో చెప్పేది. టీచరు ఒక తేదీ వేసేది. ఆ తేదీలన్నీ ఇవాళ ఆధార్‌లోకి, పాన్ కార్డులోకి, బ్యాంకు కంప్యూటర్లలోకి చేరాయి. యంత్రం ఆ తేదీలను నిజాలుగా భావించి మనిషిని ప్రశ్నిస్తుంది. అసలు పుట్టినరోజు చెప్పినవాళ్లు దానికి దొంగల్లా కనిపిస్తారు.

రికార్డు తేదీ నొక్కాక ఆ గడప దాటారు. తర్వాతి గడప ఓటీపీ. ‘మీ రిజిస్టర్డ్ మొబైల్‌కు వచ్చిన ఆరంకెల సంఖ్య నొక్కండి’ అంది యంత్రం. ఆమె చేతిలోని ఫోన్ మోగలేదు. ఆ సంఖ్య పక్కగదిలో, బీరువాలో, ఛార్జింగ్ లేక నిద్రపోతున్న భర్త ఫోన్‌కు వెళ్లింది. డిపాజిట్ ఒకప్పుడు ఇద్దరి పేరునా ఉండేది. ఆయన పోయాక ఖాతాలోంచి పేరు తీసేశారు. ఫోన్ నంబరు మాత్రం అలాగే ఉండిపోయింది. కార్డుకూ అదే నంబరును తగిలించారు. ఆ సిమ్‌ను ఆమె రీఛార్జి చేయిస్తూనే ఉన్నారు. ఎందుకని అడిగితే, “దానికి ఏవో మెసేజీలు వస్తుంటాయి కదా” అంటారు. అది పూర్తి కారణం కాదని వినేవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది.

ఫోన్ ఛార్జింగ్ పెట్టి, అది తెరుచుకునేలోగా గడువు దాటిపోయింది. ఈసారి ఆమె ‘ప్రతినిధితో మాట్లాడేందుకు’ అనే అంకె నొక్కారు. పాట విన్నారు. చాలాసేపు విన్నారు. చివరికి ఓ అమ్మాయి వచ్చింది. మర్యాదగానే మాట్లాడింది, కానీ కాగితం చూసి చదువుతున్నట్టు మాట్లాడింది. ధ్రువీకరణ కోసం తల్లిగారి పుట్టింటి ఇంటిపేరు చెప్పమంది.

టీచరుగారికి నవ్వొచ్చింది. “ఇది రహస్యమా అమ్మాయీ?”

ఆ ప్రశ్నకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. 1906లో అమెరికన్ బ్యాంకర్స్ అసోసియేషన్‌కు చెందిన ఒక విభాగం సమావేశంలో బాల్టిమోర్ బ్యాంకరు విలియం ఎం. హేడెన్ తమ పద్ధతిని వివరించారు. ఖాతా తెరిచేవారి సంతకంతోపాటు పుట్టిన ఊరు, వృత్తి, వయసు, తల్లి పెళ్లికి ముందటి ఇంటిపేరు రాయించుకుంటామని చెప్పారు. వీటన్నిటిలోకీ తల్లి ఇంటిపేరు గట్టి పరీక్ష అన్నది ఆయన అనుభవం. కుటుంబం దాటి బయటివాళ్లకు అది తెలియడం అరుదు కాబట్టి. బాల్టిమోర్‌లో అది నిజమే కావచ్చు. కృష్ణా జిల్లాలో కాదు. రైల్లో ఎదుటి సీటులో కూర్చున్న పెద్దావిడ రెండో స్టేషను వచ్చేలోగా అడిగే ప్రశ్న అది. “మీ అమ్మగారు ఎవరింటి ఆడపడుచు?” పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి తెచ్చేది మేనమామ. ఆయన ఇంటిపేరే బ్యాంకు అడిగే రహస్యం. అది పందిట్లో కూర్చున్న ప్రతివాళ్లకూ తెలుసు, వంటవాళ్లతో సహా.

అయినా ఆమె చెప్పారు. సరిపోలలేదు. ఫారం నింపిన వాళ్లు తల్లి పుట్టింటి ఇంటిపేరుకు బదులు ఆమె సొంత పుట్టింటి ఇంటిపేరు రాసినట్టు తర్వాత తేలింది. ఊరందరికీ తెలిసిన జవాబు బ్యాంకుకు ఒక్కదానికే తెలియదు.

అమెరికాలోనూ ఈ తరహా ప్రశ్నలకు ఎప్పుడో కాలం చెల్లింది. తల్లుల ఇంటిపేర్లను జనన, వివాహ రికార్డుల నుంచి లక్షల సంఖ్యలో రాబట్టవచ్చని 2005లోనే ఇద్దరు పరిశోధకులు టెక్సాస్ రికార్డులతో చూపించారు. 2008లో ఉపాధ్యక్ష పదవికి పోటీపడుతున్న సారా పాలిన్ ఈమెయిల్‌లోకి ఓ విద్యార్థి చొరబడింది ఇలాంటి ప్రశ్నలకు జవాబులు వెతికిపట్టుకునే. ఇంగ్లిష్ మాట్లాడేవారిలో ‘మీకు ఇష్టమైన ఆహారం ఏది’ అనే ప్రశ్నకు మొదటి ప్రయత్నంలోనే జవాబు ఊహించే అవకాశం 19.7 శాతమని 2015లో గూగుల్ పరిశోధకులు లెక్కగట్టారు. దొంగకు సులువు, సొంతదారుకు కష్టం. ఈ ప్రశ్నల స్వభావమే అంత.

ఆ అమ్మాయి చివరికి చేయగలిగింది ఒకటే. మొబైల్ నంబరు మార్చుకోవడానికి గుర్తింపు పత్రాలతో బ్రాంచికి రమ్మంది. మోకాళ్ల మీద మూడు మెట్లు ఎక్కడమే గగనమైన మనిషికి అది చిన్న సలహా కాదు. ఆమె వారం తర్వాత వెళ్దామనుకున్నారు.

నాలుగో రోజున ఆమె ఫోన్‌కు కాల్ వచ్చింది.

“నమస్కారం టీచరుగారూ” అంది అవతలి గొంతు. చక్కటి తెలుగు. పాట లేదు, అంకెలు నొక్కమనడం లేదు. కార్డు విభాగం నుంచి మాట్లాడుతున్నామని, యాక్టివేషన్ మధ్యలో ఆగిపోయినట్టు తమకు తెలిసిందని చెప్పాడతను. ఆమె పేరు తెలుసు, పేట తెలుసు. ఈ వివరాలు ఎక్కడ పొక్కాయో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టలేదు. “మీ కార్డు మొదటి ఆరంకెలు చెబుతాను, సరిచూసుకోండమ్మా” అంటూ చదివాడు. సరిగ్గా సరిపోయాయి. “మోకాళ్ల నొప్పులతో మీరు బ్రాంచి దాకా రావడం ఎందుకు? ఇప్పుడే పూర్తిచేసేద్దాం. ఒక మెసేజీ వస్తుంది, ఆ సంఖ్య నాకు చెబితే చాలు.” మోకాళ్ల సంగతి ఎలా తెలుసు? అంతకు నిమిషం ముందే, లేచి రావడానికి ఆలస్యమైందంటూ ఆమే చెప్పారు. అతను దాన్ని పట్టుకున్నాడు.

ఇక్కడే ఉంది ఈ వ్యవహారంలోని వైచిత్రి. బ్యాంకు ఆమెను అనుమానించింది, ఆలస్యం చేసింది, అలిసిపోయేలా చేసింది. దొంగ ఆమెను నమ్మాడు. పుట్టిన తేదీ అడగలేదు, అమ్మ ఇంటిపేరు అడగలేదు. పైగా నొప్పుల గురించి విచారించాడు. మర్యాదలో చూస్తే అతనే అసలైన బ్యాంకులా ఉన్నాడు. మనుషులు మోసపోయేది అత్యాశ వల్లే అంటుంటారు. చాలాసార్లు అది అత్యాశ కాదు. విసిగిపోయిన మనిషికి ఎవరో పని తేలిక చేస్తామంటే కలిగే ఊరట.

అతను చదివిన ఆరంకెల విలువ ఎంతో కూడా చెప్పుకోవాలి. కార్డు మీది మొదటి అంకె అది ఏ నెట్‌వర్కుదో చెబుతుంది. వీసా అయితే 4, మాస్టర్‌కార్డు అయితే సాధారణంగా 5. మొదటి ఆరు నుంచి ఎనిమిది అంకెలు బ్యాంకును, కార్డు రకాన్ని సూచిస్తాయి. అంటే అదే రకం కార్డున్న వేలమందికీ అవి ఒకటే. అలాంటి కార్డు ఒక్కటి చేతిలో ఉన్న ఎవరైనా వాటిని చదవగలరు. అది తాళం వివరం కాదు, వీధి పేరు మాత్రమే.

టీచరుగారికి ఈ లెక్కలేవీ తెలియవు. ఆమెను ఆపింది మరొకటి.

హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న రోజుల్లో ఆమె ఆఫీసు గదికి అప్పుడప్పుడూ ఫోన్లు వచ్చేవి. “ఫలానా అమ్మాయి తండ్రినండీ, మా బావమరిదిని పంపుతున్నాను, పాపను అతనితో పంపండి” అని. ఆమె ఎప్పుడూ ఒకటే చెప్పేవారు. “పెట్టేయండి. నేను చేస్తాను.” పెట్టేసి, అడ్మిషన్ రిజిస్టరు తీసి, అందులో ఉన్న నంబరుకు తానే ఫోన్ చేసేవారు. తండ్రే ఎత్తితే పిల్లను పంపేవారు. కొందరు తండ్రులకు కోపాలు వచ్చేవి. సర్పంచ్ బంధువు ఒకరు పై అధికారులకు ఫిర్యాదు కూడా చేశారు. ఆమె మారలేదు. ఫోన్ చేసినవాడు తానెవరో చెప్పుకోవడం సాక్ష్యం కాదు, మన దగ్గరున్న నంబరుకు మనం చేసినప్పుడు పలికితే అది సాక్ష్యం. అంతే ఆమె సూత్రం.

“పెట్టేయండి బాబూ. కార్డు వెనక నంబరుంది. నేను చేస్తాను” అన్నారు ఆ రోజు కూడా.

గొంతు మారింది. లైన్ కట్ చేస్తే కార్డు బ్లాకవుతుందన్నాడు. నెలరోజుల్లో యాక్టివేట్ చేయకపోతే ఐదు వేలు జరిమానా పడుతుందని, డిపాజిట్‌లోంచి కోసుకుంటారని బెదిరించాడు. ఇందాకటి ‘అమ్మా’ పోయి ‘మేడమ్’ వచ్చింది. ఆమె ఫోన్ పెట్టేశారు. చేతులు వణికాయి. అయినా కార్డు వెనక నంబరుకు ఫోన్ చేశారు. మళ్లీ పాట, మళ్లీ ఎదురుచూపు. చివరికి వచ్చిన ప్రతినిధి చెప్పిందేమంటే, బ్యాంకు నుంచి ఆమెకు ఎవరూ ఫోన్ చేయలేదు.

ఆ జరిమానా బెదిరింపు పచ్చి అబద్ధం. రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో జారీ చేసిన కార్డుల నిబంధనలు చెప్పేది దానికి సరిగ్గా వ్యతిరేకం. కార్డు జారీ అయి 30 రోజులు దాటినా వినియోగదారు యాక్టివేట్ చేసుకోకపోతే బ్యాంకు ఓటీపీ ద్వారా సమ్మతి అడగాలి. సమ్మతి రాకపోతే, అడిగిన నాటి నుంచి ఏడు పనిదినాల్లోగా ఒక్క రూపాయి ఖర్చు మోపకుండా ఖాతాను మూసేయాలి. ఈ నిబంధన 2022 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అడగని కార్డును అంటగట్టి బిల్లు వేస్తే ఆ మొత్తాన్ని వెనక్కి ఇవ్వడమే కాదు, దానికి రెట్టింపు జరిమానాను బ్యాంకే కట్టాలి. అంటే కార్డును తెరవకుండా వదిలేయడం వినియోగదారు హక్కు. తొందరపడాల్సిన అవసరమే లేదు. ఫోన్‌లో తొందర ఎక్కడ కనిపించినా అది అవతలివాడి తొందరే.

రక్షణ గోడలు లేవని కాదు. ఆన్‌లైన్‌లో కార్డు వాడకానికి రెండో అంచె ధ్రువీకరణను రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. 2011లో దాన్ని ఫోన్ ద్వారా జరిపే ఐవీఆర్ లావాదేవీలకూ విస్తరించింది. కొత్త కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలు, దుకాణాల యంత్రాల్లో మాత్రమే పనిచేయాలని, ఆన్‌లైన్, విదేశీ వాడకాన్ని సొంతదారు కోరితేనే తెరవాలని 2020 జనవరిలో ఆదేశించింది. కానీ ఈ గోడలన్నిటికీ ఒకే ద్వారం, ఆ ఆరంకెల ఓటీపీ. దాన్ని నోటితో చెప్పేస్తే గోడలున్నా ఒకటే, లేకున్నా ఒకటే. చెప్పినవారి పరిస్థితి మరీ దారుణం. 2017 జులైలో వచ్చిన రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, బ్యాంకు తప్పూ వినియోగదారు తప్పూ కాని మోసాన్ని మూడు పనిదినాల్లో తెలియజేస్తే వినియోగదారు పైసా భరించక్కర్లేదు. అదే రహస్య సంఖ్యను తానే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా తనదే.

ఇక్కడ ఒక చిక్కుంది. ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని మెసేజీ చెబుతుంది. ‘ఓటీపీ నొక్కండి’ అని బ్యాంకు యంత్రం అడుగుతుంది. మీరు ఫోన్ చేసినప్పుడు యంత్రంలో నొక్కడం వేరు, మీకు ఫోన్ చేసిన మనిషికి చెప్పడం వేరు. చదువుకున్నవారికే తడబాటు కలిగించే ఈ తేడాను బ్యాంకులు ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాయవచ్చు. టీచరుగారికి వచ్చిన ఉత్తరంలో రాయితీల గురించి రెండు పేజీలున్నాయి. ఈ వాక్యం లేదు.

అసలు లోపం ఇంకా లోతైనది. తనిఖీ అంతా ఒకవైపే సాగుతోంది. ఖాతాదారు తానెవరో రుజువు చేసుకోవాలి. బ్యాంకు పేరుతో ఫోన్ చేసేవాడు తానెవరో రుజువు చేసుకోవాల్సిన పద్ధతి ఏళ్ల తరబడి లేదు. పైగా నిజమైన బ్యాంకులే ఫోన్ చేసి ‘మీ పుట్టిన తేదీ చెప్పండి’ అని అడిగి జనానికి ఆ అలవాటు చేశాయి. దొంగలు ఆ అలవాటు మీదే బతికారు. సేవలు, లావాదేవీల కాల్స్‌ను 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది 2025 జనవరిలో. మంచిదే. కానీ తెర మీద కనిపించే నంబరును మార్చి చూపే విద్య కూడా ఉన్న కాలంలో టీచరుగారి పాత సూత్రమే ఇంకా భద్రం.

ఆమెను ఆ రాత్రి నిద్రపోనివ్వనిది మాత్రం డబ్బు భయం కాదు. ఆ తెలుగు. ఒకప్పుడు ఇలాంటి ఫోన్లంటే జార్ఖండ్‌లోని జామ్‌తారా గుర్తొచ్చేది, హిందీ యాసే సగం హెచ్చరికగా పనిచేసేది. ఇప్పుడా ధీమా లేదు. సరిగ్గా ఆ మే నెలలోనే విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన ఉదంతం పత్రికల్లో వస్తోంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ ఆంధ్ర కుర్రాళ్లను కంబోడియాకు పంపి, అక్కడ నిర్బంధించి వాళ్లచేత సైబర్ మోసాలు చేయిస్తున్నారన్నది ఆ కేసు. తనకు ఫోన్ చేసినవాడు ఎక్కడివాడో, ఎవరి పిల్లాడో ఆమెకు తెలియదు. “ఒత్తులు, పొల్లులు తప్పు పోకుండా మాట్లాడాడు. ఏ బళ్లోనో ఎవరో టీచరు శ్రద్ధగా చెప్పే ఉంటారు” అన్నారామె, కాసేపు ఆగి.

కొడుకు ఫోన్‌లో చెప్పిన మీదట ఆమె ఆ కాల్ వివరాలను ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లోని ‘చక్షు’ విభాగంలో నమోదు చేయించారు. డబ్బు పోయిన పక్షంలో అయితే చేయాల్సింది వెంటనే 1930కి ఫోన్, ఆ వెంటనే బ్యాంకుకు సమాచారం. పదకొండో రోజున ఆటోలో బ్రాంచికి వెళ్లారు. మొబైల్ నంబరు మార్చడానికి ఫారం నింపారు, అమ్మ ఇంటిపేరు గడిలో ఉన్న తప్పును దిద్దించారు. పుట్టిన తేదీ మాత్రం దిద్దలేదు. అది దిద్దాలంటే ఆధార్ నుంచి పెన్షన్ దాకా అన్నీ దిద్దాలి. బ్రాంచిలో కూర్చునే కార్డు వెనక నంబరుకు ఫోన్ చేశారు. ఓటీపీ ఈసారి ఆమె చేతిలోని ఫోన్‌కే వచ్చింది. నొక్కారు. నిజంగానే రెండు నిమిషాల్లో అయిపోయింది.

భర్త సిమ్‌కు ఇక బ్యాంకు మెసేజీలు రావు. అయినా జూన్ నెలలో ఆమె దాన్ని రీఛార్జి చేయించారు. ఈసారి కారణం ఎవరూ అడగలేదు.

ఆపరేషన్‌కు ముందు మరోసారి బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. కార్డు అందిందా, సేవలు ఎలా ఉన్నాయి అని అడగడానికి. “పెట్టేయమ్మా, నేను చేస్తాను” అన్నారు టీచరుగారు. అవతలి అమ్మాయి నొచ్చుకుంది. ఆమె కార్డు వెనక నంబరుకు ఫోన్ చేసి, ఇరవై నిమిషాలు పాట విని కనుక్కున్నారు. ఈసారి ఫోన్ చేసింది నిజంగా బ్యాంకే.

“ఇరవై నిమిషాలు వృథా కదా?” అన్నాడు కొడుకు.

“తండ్రులు కూడా అలాగే విసుక్కునేవాళ్లు” అన్నారామె.